పాప ఆలోచిస్తున్నంతసేపూ ఆ ల్యాప్‌టాప్ ఊరికే కూర్చోలేదు

సంపాదకుల వారికి నమస్కారాలు.

రెండు వారాల కిందట మీ అనంతపురం జిల్లా అనుబంధంలో ఒక ఫోటో వేశారు. పదేళ్ల పాప రెండు చేతులూ చెంపలకు ఆనించుకొని చదరంగం బల్ల ముందు కూర్చొని ఉంది. ఎదురుగా ల్యాప్‌టాప్. కింద వార్తలో, పాప నిమిషాల తరబడి ఆలోచించి వేసిన ఎత్తులకు కంప్యూటర్ రెప్పపాటులో జవాబిచ్చిందని రాశారు. విలేకరిని నేను తప్పుపట్టడం లేదు. ఆ గదిలో ఉన్న అందరి కళ్లకూ కనిపించింది అదే. కానీ ఆ ఆటకు స్కోరు రాసింది నేను. కంటికి కనిపించనిది ఏం జరిగిందో తర్వాత నాకు తెలిసింది. అది పాపకు చెప్పాను గానీ, ఆ ఫోటో చూసిన ఊరివాళ్లకు, మరీ ముఖ్యంగా ఆ పాప క్లాసు పిల్లలకు, చెప్పగలిగింది మీరే. అందుకే ఈ ఉత్తరం. పొడవైతే మన్నించండి, కుదిస్తే అసలు విషయం పోతుంది.

నేను అనంతపురంలో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లో 24 ఏళ్లుగా అసిస్టెంటుగా పనిచేస్తున్నాను. సాయంత్రాలు కమలానగర్‌లో మా మేడ మీద పది పన్నెండు మంది పిల్లలకు చదరంగం నేర్పుతాను. ఆ పాప మూడేళ్లుగా నా దగ్గరే ఆడుతోంది. వాళ్ల జేజి రోజూ చెయ్యి పట్టుకొని తీసుకొస్తుంది, ఆట అయ్యేదాకా మెట్ల మీద కూర్చొని చిక్కుడుకాయలో గోరుచిక్కుళ్లో ఒలుచుకుంటూ ఉంటుంది.

ఆ ఆదివారం ఒక ప్రైవేటు స్కూల్లో పిల్లల టోర్నమెంటు. బహుమతులు ఇచ్చే ముందు సరదాగా ఉంటుందని కంప్యూటర్‌తో ఒక ప్రదర్శన ఆట పెట్టారు. పదకొండేళ్ల లోపు గుంపులో గెలిచింది కాబట్టి పాపను కూర్చోబెట్టారు. ఇద్దరికీ చెరి 30 నిమిషాలు. పాపకు తెల్ల పావులు. ల్యాప్‌టాప్‌లో ఎత్తు కనిపించగానే ఒక కుర్రాడు బల్ల మీద పావు జరిపి గడియారం నొక్కేవాడు.

మొదటి 9 ఎత్తులు చకచకా నడిచాయి. అవి పుస్తకంలో ఉన్నవే. పాప బట్టీ పట్టినవి, కంప్యూటర్ తన ఓపెనింగ్ పుస్తకంలోంచి తీసి వేసేవి. ఆ తర్వాత పాప సొంతంగా ఆలోచించి ఆడాల్సి వచ్చింది. 21వ ఎత్తు దగ్గర ఆగింది. నేను స్కోరుషీటు అంచున టైము రాసుకుంటాను, అది నా పాత అలవాటు. 11 నిమిషాలు ఆలోచించింది. ఎఫ్3లో ఉన్న గుర్రాన్ని వెనక్కి, ఇ1కి, తిప్పింది (ఎఫ్3, ఇ1 అనేవి బల్ల మీద గళ్ల పేర్లు). పిల్లలు మామూలుగా గుర్రాన్ని వెనక్కి తిప్పరు, అది ఓటమి అనుకుంటారు. పాప తిప్పింది. తిప్పి గడియారం నొక్కి, చెయ్యి ఇంకా ఒళ్లోకి తీసుకోకముందే ల్యాప్‌టాప్ టక్కుమని జవాబు వేసింది. ఒక సెకను కూడా పట్టలేదు.

వెనక నిలబడ్డ పిల్లలు గొల్లున నవ్వారు. పాప ముఖం అప్పుడే మారింది.

అట్లాగే ఇంకో నాలుగైదుసార్లు. పాప మూడు నిమిషాలు, నాలుగు నిమిషాలు కష్టపడేది, యంత్రం వెంటనే జవాబిచ్చేది. చివరికి పాప గడియారంలో రెండు నిమిషాలే మిగిలాయి, దాని గడియారంలో 22. తొందరలో 33వ ఎత్తు చెడిపోయింది, బిషప్ పోయింది, 38 దగ్గర ఆట ముగిసింది. ఓడిపోయినందుకు పాప ఏడవలేదు, అంతకుముందు చాలాసార్లు ఓడింది. బయట వేపచెట్టు కింద నన్ను పట్టుకొని అడిగింది: "సార్, నేను అంత గలీజుగా ఆడినానా? అది నన్ను లెక్కే చేయలేదు సార్. ఒక్కసారి కూడా ఆలోచించలేదు."

నాకు ఆ క్షణంలో జవాబు తెలిసీ తెలియనట్టు ఉంది. ఆట జరుగుతున్నంతసేపూ నా చెవిలో ఒకటి పడుతూనే ఉండింది. ల్యాప్‌టాప్ లోపలి ఫ్యాన్ మోత. స్కోరు రాసే కుర్చీ దాని పక్కనే. పాప గుర్రం గురించి ఆలోచించిన ఆ 11 నిమిషాలూ ఫ్యాన్ గుర్రుమంటూనే ఉంది. గాలి బయటికొచ్చే పక్కన చెయ్యి పెడితే వేడిగా కొట్టింది. తన వంతు కాని యంత్రం అంత రొప్పడం ఎందుకు? పాప ఎత్తు కోసం ఎదురుచూసే యంత్రమైతే ఫ్యాన్ నెమ్మదించాలి. ల్యాబ్‌లో ఇరవై ముప్పై కంప్యూటర్ల మధ్య బతికేవాణ్ని, ఆ మోత అర్థం నాకు తెలుసు. ఆ యంత్రం పాప టైములో తన పని తాను చేసుకుంటోంది.

పెట్టెలు సర్దుతున్న ఆ కుర్రాణ్ని అడిగి లాగ్ ఫైలు, అంటే ఆట నడుస్తుండగా యంత్రం రాసుకునే చిట్టా, పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్నాను. ఇంటికొచ్చి తెరిస్తే 20వ ఎత్తు దగ్గర ఇట్లా ఉంది: బెస్ట్‌మూవ్ ఎఫ్8ఇ8 పాండర్ ఎఫ్3ఇ1.

దీని అర్థం చెప్తాను. మొదటి సగం తన ఎత్తు: ఏనుగును ఎఫ్8 నుంచి ఇ8కి జరుపుతున్నాను అని. రెండో సగం పాప ఎత్తు. ఇప్పుడు ఆమె వేయగలిగిన వాటిలో సరైనది ఎఫ్3 గుర్రం ఇ1కి రావడం, ఆమె అదే వేస్తుందని నేను పందెం కాస్తున్నాను అని. పాప ఇంకా ఆలోచన మొదలుపెట్టకముందే రాసుకున్న మాట ఇది. ఆ వెంటనే యంత్రం లోపల ఒక ఊహా బల్ల మీద ఆ గుర్రాన్ని ఇ1కి జరిపేసి, దాని మీద తన జవాబు వెతకడం మొదలుపెట్టింది. ఇక్కడ బల్ల మీద గుర్రం కదలలేదు. అక్కడ కదిలిపోయింది. పాప ఆలోచించిన 11 నిమిషాలూ దానికి ఉచితంగా దొరికిన 11 నిమిషాలు. 30 నిమిషాల ఆటలో తన సొంత గడియారంలోంచి అయితే ఒక ఎత్తుకు నిమిషం కూడా ఖర్చుపెట్టే యంత్రం కాదు అది. కాబట్టి పాప నిజంగానే గుర్రాన్ని ఇ1కి తిప్పగానే దానికి ఆలోచించడానికి ఇంకేమీ మిగల్లేదు. చేతిలో ఉన్నది బల్ల మీద పెట్టింది, అంతే.

దీన్ని పాండరింగ్ అంటారు. యంత్రానికీ తెరకూ మధ్య మాటలు నడిచే పద్ధతి ఒకటుంది, యూసీఐ అని. 2000లో రుడాల్ఫ్ హ్యూబర్, ష్రెడర్ ప్రోగ్రామ్ రాసిన స్టెఫాన్ మేయర్-కాలెన్ కలిసి తయారుచేశారు. అందులో ఊహించిన ఎత్తు మీద ఆలోచన మొదలుపెట్టమనడానికి 'గో పాండర్' అంటారు. ఎదుటివాళ్లు అదే వేస్తే 'పాండర్‌హిట్'. అప్పటిదాకా చేసిన లెక్క అంతా చెల్లుతుంది, అవసరమైతే కొనసాగుతుంది, లేకుంటే వెంటనే జవాబు. వేరే ఎత్తు వేస్తే 'స్టాప్', బల్లను మళ్లీ పేర్చి లెక్క మళ్లీ మొదలు. ఇది కొత్త కిటుకేమీ కాదు. 1974లో స్టాక్‌హోమ్‌లో జరిగిన మొదటి ప్రపంచ కంప్యూటర్ చదరంగం పోటీ గెలిచిన సోవియట్ ప్రోగ్రామ్ కైస్సా అప్పటికే ఎదుటివాళ్ల వంతులో వెతుకుతూ ఉండేది.

పాపకు ఇదంతా యూసీఐ అంటే ఎక్కదు కదా. మా అమ్మ కథ చెప్పాను.

మా అమ్మ చాలా ఏళ్లు టవర్‌క్లాక్ దగ్గర ఉగ్గాని, బజ్జీల బండి నడిపింది. ఆ ఉగ్గాని తిని చదువుకున్నవాణ్ని నేను. పొద్దున ఆరింటికి ఒక బేల్దారి మేస్త్రీ సైకిల్ మీద వచ్చేవాడు. సైకిల్‌కు స్టాండు వేసి, గిన్నె సంచి తగిలించి, డ్రమ్ములో నీళ్లతో చేతులు కడుక్కొని, అప్పుడు వచ్చి "అక్కా, ఉగ్గాని" అనేవాడు. ఆ మాట నోట్లోంచి వచ్చేసరికి ప్లేటు అతని చేతిలో ఉండేది. కొత్తవాళ్లు చూస్తే ఈమె చెయ్యి ఎంత వడి అనుకునేవాళ్లు. వడి కాదు. సైకిల్ మలుపు తిరగడం చూసినప్పుడే అమ్మ బొరుగులు నీళ్లలో వేసేది. అతను స్టాండు వేసేలోపు పిండి తీసి, చేతులు కడిగేలోపు ఎర్రగడ్డల తాలింపులో వేసి పసుపు, పచ్చిమిరప కారం, పప్పుల పొడి కలిపేది. అతని టైములో తన వంట చేసేది.

శనివారాలు మటుకు అతను ఒక్కోసారి "ఈరోజు ఒక్కపొద్దు అక్కా, రెండు ఇడ్లీ చాలు" అనేవాడు. అప్పుడు అమ్మ ఒక్క క్షణం ఆగేది. నానిన బొరుగులు వేరేవాళ్లు వెంటనే అడక్కపోతే పాడు. కానీ కాగిన పెనం, తరిగిన ఎర్రగడ్డలు, వేగిన తాలింపు తర్వాత వచ్చేవాడికి పనికొచ్చేవి. యంత్రం కూడా అంతే. ఊహ తప్పినా అది వెతికిన స్థితులు చాలావరకు హ్యాష్ టేబుల్ అనే జ్ఞాపకంలో ఉంటాయి. వేరే దారిలో ఆట మళ్లీ ఆ స్థితికే వస్తే అక్కడి లెక్క తిరిగి చేయాల్సిన పని లేదు. కాబట్టి తప్పినా మొత్తం నష్టం కాదు.

ఇక్కడ పాప మంచి ప్రశ్న వేసింది. "ఒక్క ఎత్తు మీదే ఎందుకు సార్, నేను వేయగలిగేవన్నీ చూసుకోవచ్చు కదా?" కొన్ని ప్రోగ్రాములు అట్లా కూడా చేస్తాయి. కానీ ఆట మధ్యలో ఒక స్థితిలో వేయగలిగిన ఎత్తులు సాధారణంగా 30 పైచిలుకు. ఉన్న టైము అన్నిటికీ పంచితే ఏదీ ఉడకదు. మా అమ్మ బండి ముందుకు వచ్చే ప్రతి మనిషి కోసం ఉగ్గాని, ఇడ్లీ, దోశ మూడూ సగం సగం చేసి పెట్టినట్టు. ఎవరికీ వేడిగా అందదు. అందుకే ఎక్కువ యంత్రాలు ఒక్కదాని మీదే పందెం కాస్తాయి.

ఇక నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణానికి వస్తున్నాను. లాగ్ ఫైలు పక్కన పెట్టుకొని, యంత్రం ముందే రాసుకున్న ఎత్తును, పాప వేసిన ఎత్తును ఒక్కొక్కటిగా పోల్చాను. పుస్తకంలోవి 9 పోగా పాప వేసినవి 29. అందులో 17 సార్లు పాప వేసింది సరిగ్గా యంత్రం ఊహించిన ఎత్తే. వాటిలో 5 తప్పనిసరివి, పావు కొడితే తిరిగి కొట్టడం లాంటివి, ఎవరైనా వేస్తారు. మిగిలిన 12 పాప సొంతంగా వెతికి పట్టుకున్నవి. యంత్రం ఊహించేది ఏదో చెత్త ఎత్తు కాదు. ఎదుటివాళ్లకు అన్నిటికంటే మేలు చేసే ఎత్తు ఏదని తన లెక్కలో తేలితే దాన్నే ఊహిస్తుంది.

అంటే యంత్రం టక్కుమని జవాబిచ్చిన ప్రతిసారీ పాప సరైన ఎత్తు వేసినట్టు. లెక్క చేయకపోవడం కాదు. పాప నుంచి అంత మంచి ఎత్తు వస్తుందని నమ్మి, దానికోసం ముందుగానే సిద్ధపడి కూర్చోవడం. గుర్రాన్ని ఇ1కి తిప్పినప్పుడు వెనక పిల్లలు నవ్వారే, ఆ ఆట మొత్తంలో పాప వేసిన అన్నిటికంటే కష్టమైన ఎత్తు అది.

ఇంకొకటి. 33వ ఎత్తు, తొందరలో పాప బిషప్‌ను పోగొట్టుకున్న ఎత్తు, వేసినప్పుడు యంత్రం ఆగింది. నా షీటులో 40 సెకన్లని ఉంది. కంప్యూటర్ చిక్కుకుపోయిందని గదంతా చప్పట్లు కొట్టారు. పాప కూడా ఒక్క క్షణం ఆశగా తల ఎత్తింది. జరిగింది ఏమిటంటే, పాప అంత బలహీనమైన ఎత్తు వేస్తుందని యంత్రం ఊహించలేదు. ఊహ తప్పింది, స్టాప్, మళ్లీ మొదటినుంచి లెక్క. మంచి ఎత్తుకు నవ్వారు, తప్పు ఎత్తుకు చప్పట్లు కొట్టారు. పిల్లలను నేను అనడం లేదు. వాళ్లకు ఎవరూ చెప్పలేదు, పెద్దవాళ్లమైన మాకే ఆ గదిలో తెలియలేదు.

నిర్వాహకులతో మాట్లాడాను. మనిషి ఎదురుగా కూర్చున్నా మన టైములో ఆలోచిస్తాడు కదా, ఇందులో అన్యాయం ఏముంది అన్నారు. అన్యాయం లేదు, నేనూ ఒప్పుకుంటాను. చదరంగంలో ఎదుటివాళ్ల వంతులో ఆలోచించకూడదనే నియమం లేదు. కానీ ఎదురుగా మనిషి ఉంటే వాడు నుదురు రుద్దుకోవడం, కాలు ఊపడం, మన పావు వంక చూడటం పాపకు కనిపిస్తుంది. ల్యాప్‌టాప్ తెర మీద పాప వంతులో ఏమీ కదలదు. పిల్లకు నిద్రపోతున్నట్టు కనిపించే దాని చేత ఓడించి, ఎందుకు ఓడిందో చెప్పకపోతే ఆ పిల్ల తన తలనే అనుమానిస్తుంది. ఆ పాప వారం రోజులు మా మేడ మెట్లు ఎక్కలేదు.

కాబట్టి జిల్లాలో పిల్లల చేత కంప్యూటర్‌తో ఆడించే స్కూళ్లకు, క్లబ్బులకు నా మనవి ఒకటే. పాండర్ ఆపండి. స్టాక్‌ఫిష్ అనే చదరంగం ప్రోగ్రాములో ఆ ఐచ్ఛికం మామూలుగా ఆపే ఉంటుంది, ఎవరో ఒకరు పనిగట్టుకొని తెరిస్తేనే తెరుచుకుంటుంది. యూసీఐ లాంటిదే ఇంకొకటి, ఎక్స్‌బోర్డ్ పద్ధతిలో దాన్ని తెరిచే మాట 'హార్డ్', ఆపే మాట 'ఈజీ'. ఈ పేర్లు చూసి ఆట కష్టం, సులువు అనుకొని మార్చేవాళ్లున్నారు, అది కాదు. ప్రోగ్రాములకు ప్రోగ్రాములకే మధ్య జరిగే టీసీఈసీ పోటీలు, ప్రోగ్రాముల బలాన్ని లెక్కగట్టే సీసీఆర్‌ఎల్ ర్యాంకింగ్ ఆటలు కూడా పాండర్ ఆపే నడుస్తాయి. ఒకే కంప్యూటర్ మీద రెండూ నడిచేటప్పుడు ఒకదాని వంతులో ఇంకొకటి ప్రాసెసర్‌ను లాక్కుంటే ఆట బలం తేలదు. యంత్రాలకు యంత్రాల మధ్యే ఆపుతున్నది పదేళ్ల పిల్లకు ఆపలేమా? ఆపడం ఇష్టం లేకపోతే ఆట మొదలయ్యే ముందు మైకులో ఒక్క మాట చెప్పండి: మీ వంతులో కూడా ఇది ఆలోచిస్తుంది, వెంటనే జవాబిస్తే చాలాసార్లు మీ ఎత్తు బాగుందని అర్థం. ఆ గదిలో నవ్వు రాదు.

ఇంట్లో ఫోన్‌లో ఆడించే తల్లిదండ్రులకూ ఇదే. పిల్ల ఆలోచిస్తున్నప్పుడు ఫోన్ చేతిలో వేడెక్కుతుంటే, బ్యాటరీ గబగబా దిగుతుంటే, అమరికల్లో ఒకసారి చూడండి.

లాగ్ ఫైలు చూపించి ఇదంతా చెప్పిన రోజు పాప చాలాసేపు మాట్లాడలేదు. ఆ ఎఫ్3ఇ1 అన్న అక్షరాల మీద వేలు పెట్టి రెండుసార్లు చదివింది. "నేను వేసేదానికి ముందే ఇది రాసిందా?" అంది. అవునన్నాను. "అయితే దానికి తెలుసు, నాకు వస్తుందని" అంది. మెట్ల మీద ఉన్న జేజికి కేక వేసి ఆ మాట మళ్లీ చెప్పింది. జేజికి చదరంగం రాదు, కానీ చేతిలో గోరుచిక్కుళ్లు పక్కన పెట్టి పైకొచ్చి ఆ తెర చూసి వెళ్లింది.

తర్వాత పాప అడిగింది, మరి దాని వంతులో నేనేం చేయాలి సార్ అని. అంతవరకు మా పిల్లలు ఎదుటివాళ్ల గడియారం నడుస్తుంటే లేచి నీళ్లు తాగడానికి పోవడం, పక్క బల్ల చూడటం చేసేవాళ్లు. ప్రపంచ ఛాంపియన్‌గా చాలాకాలం ఉన్న బోత్విన్నిక్ తన పద్ధతి చెప్పాడు: తన గడియారం నడుస్తున్నప్పుడు ఒక్కొక్క ఎత్తూ లెక్కపెట్టడం, ఎదుటివాడి గడియారం నడుస్తున్నప్పుడు బల్ల మొత్తం చూసి ఎక్కడ బలహీనంగా ఉంది, ఏ పావు పనిలేకుండా ఉంది అని తనలో తాను మాట్లాడుకోవడం. యంత్రంలా ఒక్క ఎత్తు మీద పందెం కాయడం పిల్లలకు నేను నేర్పను, ఊహ తప్పితే వాళ్లు కంగారు పడతారు. బోత్విన్నిక్ దారి పట్టించాను. ఇప్పుడు మా మేడ మీద ఎదుటివాళ్ల వంతులో ఎవరూ నీళ్ల కుండ దగ్గరికి పోవడం లేదు.

సంపాదకులకు చివరిగా ఒక విన్నపం. వీలైతే ఆ ఫోటో వేసిన చోటే నాలుగు వాక్యాలు వేయండి. పాప పేరు అక్కర్లేదు. 21వ ఎత్తులో గుర్రాన్ని ఇ1కి తిప్పిందని, ఆ ఎత్తు కంప్యూటర్ దృష్టిలో ఆ స్థితికి అన్నిటికంటే మంచిదని, అందుకే అది వెంటనే జవాబిచ్చిందని చాలు. వాళ్ల స్కూల్లో మీ పత్రిక నోటీసు బోర్డుకు అంటిస్తారట, పాత ఫోటో ఇంకా అక్కడే ఉందని పాప చెప్పింది.

స్కోరుషీటు నకలు, లాగ్ ఫైల్లో ఆ ఎత్తు దగ్గరి పేజీ ఈ ఉత్తరంతో పంపుతున్నాను. నకల్లో 21 పక్కన పెన్సిల్ గీత నాది. అసలు షీటు పాప దగ్గర ఉంది, అడిగినా ఇవ్వలేదు.

ఇట్లు,
ఒక చదరంగం మాస్టారు,
కమలానగర్, అనంతపురం